చుక్కల ఫోటోలు తీసిన కార్ల్ హెనైజ్

చంద్రుడి మీద తీసిన ఫోటోలు చూసిన ప్రతి తమ్ముడికీ ఒక అనుమానం వస్తుంది. ఆకాశం కాటుకలా నల్లగా ఉంది, మరి ఒక్క చుక్కైనా లేదేమిటని. ఆ అనుమానం పట్టుకుని అసలు మనిషి చంద్రుడి మీదకు వెళ్లనే లేదని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. జవాబు చాలా తేలిక. అపోలో వ్యోమగాములు దిగింది అక్కడి పగటి పూట. ఎండకు నేల మెరుస్తోంది, వాళ్ల దుస్తులేమో తెల్లవి. అంత వెలుతురులో కెమెరా షట్టర్ సెకనులో 250వ వంతు తెరుచుకుంటే చాలు. ఆ కాస్తలో నక్షత్రపు వెలుగు ఫిల్ము మీద గుర్తు పెట్టలేదు. మన వార్షికోత్సవం రాత్రి స్టేజి లైట్ల కింద తీయించుకున్న గ్రూప్ ఫోటో తీసి చూడండి, వెనక ఆకాశంలో చుక్కలు కనపడతాయేమో!

అయితే మనుషులు అంతరిక్షంలోకి వెళ్లిన రోజుల్లో నక్షత్రాలను ఫోటో తీయనే లేదనుకుంటే పొరపాటు. దానికోసమే జీవితం వెచ్చించినవారు ఉన్నారు. వారిలో ఒకరైన కార్ల్ హెనైజ్ గురించి ఈ సంచికలో రాయాలనుకున్నాం.

హెనైజ్ 1926 అక్టోబర్ 17న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిన్సినాటిలో జన్మించారు. ఊరి బయట చిన్న పాడి రైతు కుటుంబంలో పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నౌకాదళం వారి శిక్షణ పథకం కింద కాలేజీలో చేరారు. అంటే మనలాగే సర్కారు ఖర్చుతో చదువు మొదలుపెట్టారన్నమాట. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1947లో గణితంలో డిగ్రీ, 1948లో ఖగోళశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు.

మిషిగాన్ విశ్వవిద్యాలయం ఆయన్ను దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీన్ వేధశాలకు పంపింది. 1948 నుంచి 1951 వరకు అక్కడే ఉన్నారు. టెలిస్కోపు ముందు ఒక గాజు పట్టకం పెడితే ఫోటోలో నక్షత్రం చుక్కలా కాక చిన్న గీతలా పడుతుంది. ఆ గీతే దాని వర్ణపటం. వేడెక్కిన హైడ్రోజన్ వాయువు వెలుగుతున్న చోట ఆ గీతలో ఒక బిందువు ప్రత్యేకంగా మెరుస్తుంది. గాజు పలకల మీద పడిన లెక్కలేనన్ని గీతల్లో అలాంటి మెరుపు ఎక్కడుందో వెతకడమే పని. కంప్యూటర్లు లేని కాలం. దక్షిణార్ధగోళపు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా గాలించి రెండు వేలకు పైగా నక్షత్రాలు, నెబ్యులాలతో పట్టిక తయారు చేశారు. 1954లో మిషిగాన్ నుంచి డాక్టరేటు అందుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటిపోవడం మాకు ఇష్టం లేదు. ఆయన వెళ్లిన 1948లోనే దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమైంది. పాసు చూపించనిదే నల్లవాళ్లు పట్టణాల్లో తిరగడానికి లేదు. ఆకాశమైతే అందరికీ ఒకటే, దాన్ని చూసే గొట్టం దగ్గరికి చేరే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు.

1956లో ఆయన స్మిత్‌సోనియన్ ఖగోళ వేధశాలలో చేరారు. కృత్రిమ ఉపగ్రహాలు రాబోతున్నాయని, వాటిని నక్షత్రాల నేపథ్యంలో ఫోటో తీసి దారి లెక్కకట్టాలని ప్రపంచమంతటా 12 కేంద్రాలు పెట్టారు. వాటిని నెలకొల్పి నడిపే బాధ్యత హెనైజ్‌ది. ఆ పన్నెండింటిలో ఒకటి మన దేశంలోని నైనితాల్‌లో ఉండేది. 1957 అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్‌ను పంపడంతో ఆ పనికి ఒక్కసారిగా ప్రాముఖ్యం వచ్చింది.

1959లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు. పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండవచ్చు. కానీ ఆయన మనసంతా ఒక అడ్డంకి మీదే ఉండేది. బాగా వేడిగా ఉండే నక్షత్రాలు ఎక్కువగా అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి. మన వాతావరణం, ముఖ్యంగా ఓజోన్ పొర, దాన్ని కిందికి రానివ్వదు. మన ప్రాణాలకు అది మేలే, ఖగోళ శాస్త్రజ్ఞుడికి మాత్రం కళ్లకు గంతలు కట్టినట్టే. అందుకే కెమెరాను పైకి పంపాలి. అప్పుడు జెమిని నౌకల్లో ఇద్దరిద్దరు వెళ్తున్నారు. హెనైజ్ తన ప్రయోగాన్ని వాటిలో ఎక్కించారు.

1966 జూలైలో జెమిని 10 వెళ్లింది. కిటికీ గాజు కూడా అతినీలలోహిత కాంతిని ఆపేస్తుంది కాబట్టి లోపలినుంచి తీస్తే లాభం లేదు. మైకెల్ కాలిన్స్ తలుపు తెరిచి, సీట్లోనే లేచి నిలబడి, చీకట్లో కెమెరాను దక్షిణ పాలపుంత వైపు తిప్పి 22 ఫోటోలు తీశారు. ఇంతలో హెల్మెట్ లోపల ఏదో ఘాటుకు ఆయన కళ్లు, పక్కనున్న జాన్ యంగ్ కళ్లు మండి నీళ్లు కారాయి. అనుకున్న సమయం కంటే ముందే తలుపు వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత జెమిని 11, 12 లలోనూ అదే ప్రయోగం సాగింది. కిందనున్న ప్రొఫెసరు ఆ ఫిల్ము కోసం ఎలా కాచుకుని ఉంటారో పరీక్షల ఫలితాలకు ఎదురుచూసిన మనకు వేరే చెప్పాలా?

ఇతరుల చేత తీయించడం కాదు, తానే వెళ్లాలనుకున్నారు. 1967 ఆగస్టులో నాసా 11 మంది శాస్త్రవేత్తలను వ్యోమగాములుగా ఎంపిక చేసింది. నలభై ఏళ్ల హెనైజ్ అందులో ఒకరు. ఆ వయసులో ఓక్లహోమాలోని వైమానిక స్థావరంలో 53 వారాలు జెట్ విమానం నడపడం నేర్చుకున్నారు. తీరా చూస్తే నాసా దగ్గర డబ్బు తగ్గింది. ఎక్కడానికి నౌకలు లేవు. ఆ పదకొండు మంది తమకు తామే అదనపు పదకొండు మంది అని పేరు పెట్టుకున్నారు. 1970లో చివరి మూడు అపోలో ప్రయాణాలు రద్దయ్యాయి. నలుగురు విరమించుకుని తమ దారి చూసుకున్నారు. శాస్త్రవేత్తల్లో చంద్రుడి మీద నడిచింది ఒక్క హారిసన్ ష్మిట్, ఆయన వీళ్లకంటే ముందు బ్యాచ్.

హెనైజ్ ఉండిపోయారు. 1971లో అపోలో 15కు సహాయక బృందంలో పనిచేశారు. హ్యూస్టన్ కేంద్రంలో కూర్చుని చంద్రుడి దగ్గరున్నవారితో మాట్లాడిన వారిలో ఆయనా ఒకరు. ఆ ప్రయాణంలో ఆల్ఫ్రెడ్ వార్డెన్ చంద్రుడి చుట్టూ ఒంటరిగా తిరుగుతూ, సూర్యుడూ భూమీ రెండూ కనపడని చీకటి వేళల్లో ఆకాశపు మసక వెలుగుల్ని ఫోటో తీశారు.

చంద్రుడి నేల మీదినుంచి నక్షత్రాలను తీసే పని మరుసటి ఏడాది జరిగింది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 తీసుకెళ్లిన అతినీలలోహిత కెమెరాను రూపొందించినది జార్జ్ కరూథర్స్ అనే నల్లజాతి శాస్త్రవేత్త. ఆయన పుట్టిందీ సిన్సినాటిలోనే. కెమెరాను దిగిన నౌక నీడలో నిలబెట్టి జాన్ యంగ్ ఒక్కో దిక్కుకు తిప్పారు. జెమిని 10లో కళ్లు మండిన ఆ యంగే! 178 ఫ్రేములు వచ్చాయి. ఫిల్ము ఇంటికి వచ్చింది, కెమెరా ఇప్పటికీ అక్కడే ఉంది.

1973-74లో స్కైలాబ్ వ్యోమగాములు హెనైజ్ రూపొందించిన పరికరంతో వందలాది నక్షత్రాల వర్ణపటాలు తీశారు. అప్పుడూ ఆయన కిందే ఉన్నారు.

నోటిఫికేషన్ల కోసం రెండేళ్లు చూసి నీరసపడే మాకు ఈ లెక్క నమ్మబుద్ధి కాలేదు. 1967లో ఎంపికైన మనిషికి వంతు వచ్చింది 1985లో, పద్దెనిమిదేళ్లకు. అదీ సాఫీగా కాదు. జూలై 12న చాలెంజర్ ఇంజన్లు రాజుకున్నాక, ఇంకో మూడు సెకన్లు ఉందనగా ఆగిపోయింది. జూలై 29న లేచింది గానీ, ఆరు నిమిషాలు కాకుండానే మూడింటిలో ఒక ఇంజను ఆగింది. అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులోనే కక్ష్యలో చేరి, దాదాపు ఎనిమిది రోజులు తిరిగి ఆగస్టు 6న దిగారు. అప్పటికి ఆయన వయసు 58. అంతకుముందు ఆ వయసులో ఎవరూ అంతరిక్షానికి వెళ్లలేదు.

మరుసటి ఏడాది వ్యోమగామి ఉద్యోగం మాని నాసాలోనే శాస్త్రవేత్తగా కొనసాగారు. 1993లో రేడియేషన్‌ను కొలిచే పరికరాన్ని ఎత్తైన చోట పరీక్షించడానికి ఎవరెస్టు ఉత్తర వైపుకు వెళ్లారు. అక్కడ ఊపిరితిత్తుల్లో నీరు చేరి అక్టోబర్ 5న కన్నుమూశారు. 67వ పుట్టినరోజుకు పన్నెండు రోజులు తక్కువ. ఆయన్ను ఆ కొండ మీదే సమాధి చేశారు.

ఆయన పేరుతో ఉన్న పట్టికలను శాస్త్రవేత్తలు నేటికీ వాడుతున్నారు. అందులో నెబ్యులాగా చేరిన ఒక మసక చుక్క తర్వాత చూస్తే ఒక చిన్న గెలాక్సీ అని తేలింది. పేరు హెనైజ్ 2-10. దాని నడుమనున్న కృష్ణబిలం చుట్టూ ఉన్న వాయువును నెట్టి కొత్త నక్షత్రాలు పుట్టేలా చేస్తోందని 2022లో హబుల్ టెలిస్కోపు ఫోటోల సాయంతో కనుగొన్నారు.