జోసెఫు ఫూరియే

ఈ సంవత్సరము గణిత తరగతిలో మేము గ్రాఫు కాగితముపై, సున్నకు ఎడమప్రక్క ఋణ 1గాను, కుడిప్రక్క ధన 1గాను ఉండు తెగిన రేఖ నొకదానిని గీచితిమి. సూత్రములు రెండు కాగా ప్రమేయ మొక్కటే యెట్లగునని మాకు సందేహము కలిగెను. పూర్వము మహాపండితులకును ఇట్టి సందేహమే కలిగెను. దానిని తీర్చుటకు పాటుపడినవాడు ఫూరియే.

ఈయన 1768లో ఫ్రాన్సు దేశమందలి ఓసేరు పట్టణమున నొక దర్జీవాని యింట జనించెను. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెను. పిమ్మట గ్రెనోబులులో ప్రభుత్వాధికారిగా నుండి, ఘనపదార్థములందు వేడిమి ప్రసరించు తీరును శోధించెను. ఒక మేరలో గీచిన తెగిన రేఖలను సైతము సైను, కొసైను తరంగముల అనంతమైన మొత్తముగా వ్రాయవచ్చునని 1807లో పారిసు విద్వత్పరిషత్తునకు నివేదించెను. వృద్ధుడైన లగ్రాంజి యొప్పుకొనలేదు. 1812లో బహుమానము లభించెను గాని, నిరూపణము చాలదను ఆక్షేపణయు దానితోడనే వచ్చెను. అయినను ఫూరియే వెనుదీయక 1822లో తన గ్రంథమును బ్రకటించెను. 1829లో డిరిష్లే యను యువకుడు ఆ లోటును చాలవరకు తీర్చెను. మరుసటి యేడే ఫూరియే కాలధర్మము నొందెను.

మా రేఖ తెగినచోట ఆ తరంగముల మొత్తము సరిగా నడిమి సున్నను జేరును. పెన్సిలు నెత్తవలసివచ్చినంతమాత్రమున రేఖ తప్పు కాదని యిప్పుడు మే మెరుగుదుము.