ఎక్కాలు రాకపోయినా చుక్కలు లెక్కపెట్టింది

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. పదో తరగతి పిల్లలకి ఆకాశం పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఎవరో ఒక అమ్మాయి వచ్చి, ఇదంతా తనకెంతో ఇష్టమనీ, లెక్కలు రావు కనుక ఈ చదువు తనకి రాసిపెట్టి లేదనీ దిగులుగా చెబుతుంది. ఈసారి వచ్చిన పిల్లయితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్కాలే సరిగా రానిదానివి, ఇంటర్లో సైన్సు ఎందుకన్నారట ఇంట్లో. ఆ పిల్లని కూర్చోబెట్టి కరోలిన్ హెర్షెల్ కథ చెప్పాను. అదే మీకూ చెబుతాను.

కరోలిన్ 1750 మార్చి 16న జర్మనీలోని హనోవర్‌లో పుట్టింది. తండ్రి సైనిక బ్యాండులో వాయిద్యకారుడు. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చింది. బతికి బట్టకట్టింది గానీ ఎదుగుదల ఆగిపోయింది. నాలుగడుగుల మూడంగుళాలే. పెళ్లెలాగూ కాదని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. ఇంటి చాకిరీకి మనిషి కావాలి, చదువెందుకంది తల్లి. తండ్రి చాటుమాటుగా నేర్పిన నాలుగు ముక్కలే చదువు. ఓ చలి రాత్రి ఆయన వీధిలోకి తీసుకెళ్లి నక్షత్రాలనీ, అప్పుడు కనబడుతున్న తోకచుక్కనీ చూపించాడు.

ఇంగ్లండులోని బాత్‌లో సంగీతం మీద బతుకుతున్న అన్న విలియం 1772లో వచ్చి చెల్లెల్ని తీసుకెళ్లాడు. తల్లి ఊరికే పంపలేదు. కూతురి బదులు పనిమనిషిని పెట్టుకోవడానికి డబ్బిస్తానని ఆయన ఒప్పుకున్నాకే కదలనిచ్చింది. ఆవిడకప్పుడు ఇరవై రెండేళ్లు.

అక్కడ ఇంగ్లీషు, లెక్కలు, పాట నేర్చుకుంది. కచేరీల్లో పేరు వస్తున్న రోజుల్లో అన్నకి టెలిస్కోపుల పిచ్చి పట్టింది. ఇల్లు కాస్తా కార్ఖానా అయింది. లోహపు అద్దం పోత పోసే అచ్చు కోసం గుర్రపు లద్దె దంచి జల్లించడం కరోలిన్ పని. అద్దానికి మెరుగుపెట్టేటప్పుడు మధ్యలో చెయ్యి తియ్యకూడదు. ఓసారి పదహారు గంటలు అలా ఉండిపోయిన అన్నకి తనే నోటికి ముద్దలు అందించింది. 1781లో ఆయన యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. మరుసటేడు రాజుగారు జీతం ఏర్పాటుచేస్తే సంగీతం మానేశాడు. దాంతో ఆవిడ పాటా ఆగిపోయింది. చేతికి ఓ చిన్న టెలిస్కోపు వచ్చింది.

తోకచుక్కని పట్టుకోవడం ఎలాగో పిల్లలకి ముగ్గుతో చెబుతాను. భూమి తిరగడం వల్ల చుక్కలన్నీ కలిసికట్టుగా గంటకి 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతున్నట్టు కనిపిస్తాయి. వాటి మధ్య ఎడం మాత్రం మారదు. ముగ్గులో చుక్కలు ఎక్కడివక్కడే. అందులో ఒక మసక చుక్క మర్నాటికి చోటు మారిందంటే అది నక్షత్రం కాదు. ఆ తేడా కనిపెట్టాలంటే పాత ముగ్గంతా కంటికి అలవాటై ఉండాలి కదా!

1786 ఆగస్టు 1 రాత్రి, అన్న ఊళ్లో లేని సమయంలో, అలాంటి మసక మరక ఆవిడ కంటపడింది. మర్నాడు రాత్రి చూస్తే జరిగింది. వెంటనే పండితులకి ఉత్తరాలు రాసింది. 1797 లోపు అలా 8 తోకచుక్కలు చూసింది. 1788లో చూసినది మళ్లీ 1939లో వచ్చింది, 2092లో ఇంకోసారి వస్తుంది.

1787లో రాజుగారు ఆవిడకీ ఏటా 50 పౌన్ల జీతం ఇచ్చారు. అన్నకి 200. అయినా ముప్పై ఏడేళ్ల వయసులో తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టుకోగలిగిన తొలి డబ్బు అదే.

రాత్రి అన్న టెలిస్కోపు దగ్గర నుంచి కేకేసి చెప్పింది గడియారం చూసుకుంటూ రాయాలి. ఏ సమయానికి, ఎంత ఎత్తున కనబడిందో తెలిస్తే చుక్క చిరునామా దొరికినట్టే. పగలు అదంతా లెక్కకట్టాలి. వేలకొద్దీ లెక్కలు! మరి ఆవిడకి ఎక్కాలు కంఠతా వచ్చేవా? జీవితాంతం రాలేదు. కాగితం మీద రాసి పెట్టుకుని చూసుకునేది. ఆవిడే ఫ్లామ్‌స్టీడ్ నక్షత్రాల పట్టికలో తప్పులు పట్టింది, అందులోకి ఎక్కకుండా పోయిన 560 చుక్కల్ని చేర్చింది. 1798లో రాయల్ సొసైటీ దాన్ని అచ్చువేసింది.

అన్నీ సుఖాలు కావు. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తబోయి పడితే, ఇనప కొక్కెం మోకాలి పైన దిగబడింది. 1788లో అన్న పెళ్లయ్యాక ఇంటి పెత్తనం వదిలి విడిగా అద్దెకి ఉండాల్సి వచ్చింది. ఆ ఏళ్ల డైరీలు తర్వాత తనే చింపేసింది. ఏం రాసుకుందో మనలో చాలామందికి చెప్పనక్కర్లేదు. పోనుపోను వదినతో పొత్తు కుదిరింది, మేనల్లుడు జాన్ అంటే ప్రాణం.

1822లో అన్న పోయాక హనోవర్ వెళ్లిపోయింది. ఊరుకోలేదు. ఆయన చూసిన 2500 నీహారికలనీ, నక్షత్ర గుంపులనీ వరసలో పేర్చి మేనల్లుడికి పంపింది. దానికే రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1828లో బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకం మళ్లీ ఒక స్త్రీకి, వెరా రూబిన్‌కి, 1996లో గానీ రాలేదు. కరోలిన్ 1848 జనవరి 9న, 97 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

కథ అయ్యాక ఆ అమ్మాయికి ఓ పని చెప్పాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి చంద్రుణ్నీ, పక్కనున్న చుక్కల్నీ గీసుకురమ్మన్నాను. నాలుగో రోజుకే వచ్చింది. చంద్రుడు చుక్కల మధ్య రోజుకి, చాపిన చేతి పిడికిలి కంటే కాస్త ఎక్కువ, తూర్పుకి జరుగుతున్నాడంది. పుస్తకంలో అది 13 డిగ్రీలు. నేను చెప్పలేదు, తనే చూసింది.

ఇంటర్లో ఏం చేర్పించాలో వాళ్లింట్లో ఇంకా తేల్చలేదు. వాళ్లమ్మని ఓసారి డాబా మీదకి పిలవమన్నాను. పిల్ల మాత్రం ఎక్కాల కాగితం ఒకటి నోట్సు అట్ట లోపల అంటించుకుంది.