మార్లవాయికి తిరిగొచ్చిన హైమన్‌డార్ఫ్



ఏటా జనవరి 11న మార్లవాయిలో మనం నివాళి అర్పించే సమాధులు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌లవి.

1909లో వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉందని బ్రిటిష్ వారు ఆయన్ను నిజాం రాజ్యం దాటనివ్వలేదు. చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర పరిశోధన చేశాక గోండు గూడేలకు వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం సర్కారుకు తెలియాల్సి వచ్చింది. అంటే ఆయన మనం పిలిస్తే వచ్చినవాడు కాదు, సర్కారు మనిషి. ఈ మాట దాచనక్కర్లేదు.

అయితే ఆ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. ప్రధానులు పాడే పెన్ కథలు విని రాసుకున్నారు. రాసుకుని వెళ్లిపోతే ఇప్పుడు వాళ్ల పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. భూమి పోవడమే తిరుగుబాటుకు మూలమని సర్కారుకే చెప్పారు. 1940ల చివరికి సుమారు 1,60,000 ఎకరాలకు లావుణి పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. మన యువకులే పంతుళ్లయ్యారు, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి.

తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయినా రాకపోకలు ఆపలేదు. 1970లలో వచ్చి చూస్తే పట్టా భూములు చాలావరకు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ సంగతిని 1982 నాటి పుస్తకంలో సూటిగా రాశారు. తాను చేయించిన పని చెదిరిపోయిందని రాయడం అందరు పండితులూ చేసే పని కాదు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో పోయారు. అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి.

మనకు ఒక లోటు మాత్రం మిగిలింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో ఆయన పనిచేసిన సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇప్పుడు రికార్డర్ పట్టుకుని గూడేనికి వచ్చే విద్యార్థిని మనం కూర్చోబెట్టి అడగాలి: పటేల్‌కు చెప్పావా, కాపీ ఎవరి దగ్గర ఉంటుంది, పాడిన ప్రధాన్ పేరు రాస్తావా, రాసింది మన భాషలో చదివి వినిపిస్తావా అని.

సోయాస్ ఫొటోలు చాలా ఇప్పుడు ఫోన్లోనే కనిపిస్తాయి. ఈసారి దండారికి ఊరెళ్లినప్పుడు పెద్దలకు చూపించండి. ఎవరి తాత, ఏ ఊరు, ఏ పెన్ అని వాళ్లు చెప్పింది రాసి సంఘానికి పంపండి.