సతీశ్ ధవన్: కంప్యూటర్ వద్దన్నా ఎగిరిన రాకెట్.. కూలితే బాధ్యత తనదన్న బాస్!

ఫోన్ లైన్‌లో కీచుమంటూ డయల్-అప్ ఇంటర్నెట్ మన జనానికి అందింది 1995లో. ఇళ్లల్లో కంప్యూటరే లేని 1979లోనే నెల్లూరు తీరంలోని శ్రీహరికోటలో రాకెట్ కౌంట్‌డౌన్‌ను కంప్యూటర్ చూసుకునేది. ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగాన్ని అది ఆపేసింది. నిపుణులు ఫర్లేదనడంతో అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ముందుకెళ్లారు. రాకెట్ బంగాళాఖాతంలో కూలింది.

అప్పటి ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్ మీడియా ముందుకొచ్చి బాధ్యత తనదేనన్నారు. 1980 జులై 18న ప్రయోగం సక్సెస్ అయింది. ఈసారి మాత్రం కలాంనే మాట్లాడమన్నారు.

1920లో శ్రీనగర్‌లో పుట్టిన ధవన్ ఇంజినీరింగే కాదు, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ కూడా చదివారు. 1972 నుంచి 1984 దాకా ఇస్రోను నడిపారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడాదే షార్‌కు ఆయన పేరు పెట్టారు.