యల్లాప్రగడ సుబ్బారావు: ఆహారం, గుండె

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• సుబ్బారావుగారి జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• గుండె కండరానికి శక్తి ఎలా అందుతుందో వివరించగలుగుతారు.
• ఏ ఆహారం రక్తంలోని కొలెస్టరాల్‌ను పెంచుతుందో, ఏది తగ్గిస్తుందో గుర్తించగలుగుతారు.

1. బాల్యం, చదువు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. కుటుంబం కలిగినది కాదు. పదమూడో ఏట కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఆయన ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెనక్కు రప్పించి మళ్లీ చదువులో పెట్టింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించేవారు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది.

ఈ కాలంలోనే ఇంట పెద్ద విషాదం జరిగింది. ఆయన సోదరులు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి పట్టవు, రక్తం క్షీణిస్తుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. తిండి తింటున్నా మనిషి ఎందుకు కృశిస్తాడు అనే ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు.

2. అమెరికాలో

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరనిర్మాణ శాస్త్రం బోధించిన తరువాత, మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను 1922లో ఆయన అమెరికా చేరుకొన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. ఖర్చుల కోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు.

తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రసిద్ధి పొందింది. ఆ కొలతల వెంట నడిచి వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను (1927), ఎ.టి.పి.ని (1929) కనుగొన్నారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు.

ఎ.టి.పి. అంటే ఏమిటి? మనం తిన్న అన్నంలోని, నూనెలోని శక్తి నేరుగా కండరానికి ఉపయోగపడదు. ధాన్యం అమ్మి రూపాయలు చేసుకొన్నట్లు, శరీరం ఆ శక్తిని ముందుగా ఎ.టి.పి.గా మార్చుకొంటుంది. గుండె కూడా కండరమే. అది ఒక్క నిమిషం కూడా విశ్రాంతి తీసుకోదు కాబట్టి దానికి ఎ.టి.పి. ఎడతెగకుండా తయారవుతూ ఉండాలి. అందుకు రక్తం ద్వారా ప్రాణవాయువు అందాలి. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకొనిపోతే ఎ.టి.పి. తయారీ కుంటుపడి, కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు.

3. ఆహారంలోని లోపాలు

1930లో ఆయనకు హార్వర్డ్‌లో డాక్టరేటు లభించింది. కాని శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1938లో డాన్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కుక్కలలో నల్లనాలుక వ్యాధిని నివారించే పదార్థం, కోడిపిల్లల చర్మవ్యాధిని నివారించే పదార్థం వేర్వేరని చూపారు. మొదటిది నికోటినిక్ ఆమ్లం. మనుషులకు వచ్చే పెల్లగ్రా వ్యాధి కూడా దాని లోపం వల్లనే వస్తుంది.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో రక్తహీనతను సరిదిద్దే మందు అలా ఆయన చేతులమీదుగానే లోకానికి అందింది. ఆకుకూరలలో, పప్పుధాన్యాలలో, కాలేయంలో ఫోలేటు సహజంగా ఉంటుంది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. గుండె కండరానికి శక్తినిచ్చే పదార్థాన్ని కనుగొన్న వ్యక్తిని ఆ గుండె జబ్బే తీసుకొనిపోయింది.

4. ఆహారంలోని అతి

లోపం వల్ల వచ్చే వ్యాధులను సుబ్బారావు తరం గుర్తించింది. అతి వల్ల వచ్చే వ్యాధుల సంగతి నెమ్మదిగా తేలింది. 1913లోనే రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాటి రక్తనాళాలలో కొవ్వు పేరుకోవడం చూపాడు. 1958లో మొదలైన ఏడు దేశాల పరిశీలనలో, వెన్న, పాలకొవ్వు ఎక్కువగా తినే ఫిన్లండ్‌లో గుండెజబ్బులు ఎక్కువగాను, జపానులోను గ్రీసు దేశపు క్రీటు దీవిలోను తక్కువగాను కనిపించాయి.

కొలెస్టరాల్ పూర్తిగా శత్రువు కాదు. కణాలకు అది అవసరం. కాలేయమే చాలావరకు తయారు చేస్తుంది. రక్తంలో ఎల్.డి.ఎల్. రూపంలో అది ఎక్కువైతే నాళాల గోడలలో పేరుకొంటుంది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, పామాయిలు వంటి సంతృప్త కొవ్వులు ఎల్.డి.ఎల్.ను పెంచుతాయి. వనస్పతి వంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వులు ఇంకా హానికరం. అందుకే మన దేశంలో 2022 నుంచి నూనెలలో, కొవ్వులలో వాటిని 2 శాతానికి పరిమితం చేశారు. వేరుశనగ, నువ్వులు, తవుడు, ఆవాల నూనెలలో సంతృప్త కొవ్వు తక్కువ. పప్పులు, చిక్కుళ్లు, మెంతులు, పండ్లలోని పీచు ఎల్.డి.ఎల్.ను కొంత తగ్గిస్తుంది.

కాబట్టి మీరు గోదావరి జిల్లాలో వేరుశనగ నూనెతో వండుకొన్నా, హౌరాలోని టికియాపారాలో ఉంటూ ఆవనూనెతో వండుకొన్నా, చూడవలసినవి ఒకటే: నూనె ఎంత పోస్తున్నాం, మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ వాడుతున్నామా, కంచంలో అన్నంతోపాటు పప్పు, కూరలు తగినంత ఉన్నాయా?

5. మాత్రతో సరిపోతుందా?

సుబ్బారావు పరిశోధించిన నికోటినిక్ ఆమ్లానికే మరో గుణం ఉందని 1955లో కెనడాలో ఆల్ట్‌షుల్ బృందం ప్రకటించింది. ఎక్కువ మోతాదులో అది కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. ఎన్నో ఏళ్లు వైద్యులు దానిని వాడారు. కాని స్టాటిన్ మందులు వాడుతున్నవారికి దానిని అదనంగా ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదని 2011, 2014 సంవత్సరాలలో వెలువడిన పెద్ద పరిశీలనలు తేల్చాయి. లోపం ఉన్నప్పుడు ప్రాణం నిలిపిన విటమిన్, లోపం లేనివారికి అదే మేలు చేస్తుందని అనుకోరాదు. వైద్యుడు రాసిన మందు మానరాదు. సొంతంగా విటమిన్ మాత్రలు మింగి ఆహారాన్ని అశ్రద్ధ చేయరాదు.

పాఠంలోని ప్రశ్నలు

1. సుబ్బారావు పరిశోధనకు ఆయన ఇంటి విషాదం ఎలా దారి చూపింది?
2. రక్తనాళం మూసుకొంటే గుండె కండరం ఎందుకు దెబ్బతింటుంది?
3. మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల నూనె, నెయ్యి, వనస్పతి వాడుతున్నారో రాయండి. మొత్తాన్ని ఇంట్లోని మనుషుల సంఖ్యతో, తిరిగి 30తో భాగించండి. ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని గ్రాములు వచ్చింది? అందులో దేనిని తగ్గించగలరో ఇంట్లోవారితో చర్చించండి.