డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములను కలుపుకొని 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది. ఆ చిత్తూరును ఆనుకొనియున్న కట్టమంచిలో 1880లో రామలింగారెడ్డిగారు జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, మైసూరు సంస్థానమున ఆచార్యులై, పిదప విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలు అయిరి. ప్రభుత్వ పాఠశాలలలో పంచమ బాలురకును ప్రవేశముండవలెనని వారు పట్టుబట్టినది అక్కడనే. అగ్రవర్ణములవారు ఆగ్రహించిరి, తమ బిడ్డలను బడి మాన్పించినవారును కలరు. శరణులు నడయాడిన కన్నడసీమలో ఇంత అలజడి రేగుట విచిత్రమే. రెడ్డిగారు మాత్రము వెనుకంజ వేయలేదు.

1921లో ఉద్యోగము విడిచి, జస్టిస్ పక్షీయులుగా మదరాసు శాసనమండలిలో ప్రవేశించిరి. పానగల్లు రాజాగారి మంత్రివర్గపు పోకడలు నచ్చక స్వపక్షమునే వీడిరి. అధికార పక్షమును వీడుట ఆనాడు సామాన్యము కాదు. అంతటితో ఆగక, 1923 నవంబరు 27న ఆ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. దేశమున అట్టి తీర్మానము అదియే మొదటిది. అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 ఓట్లు రాగా అది వీగిపోయినది. అయినను మంత్రులు సభకు జవాబుదారులను మాట అందరకును తెలిసివచ్చినది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతులైరి. ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో ఆ పదవిని త్యజించి, 1936లో మరల స్వీకరించి 1949 వరకు నిర్వహించిరి. అవివాహితులుగనే జీవించి 1951 ఫిబ్రవరి 24న దివంగతులైరి.