అశోకుని ఆత్మపరిశీలనము

మగధ సామ్రాజ్యమునకు పాటలీపుత్రము రాజధాని. నేటి పాట్నా నగరమే నాటి పాటలీపుత్రము. అచట క్రీ.పూ. 268 ప్రాంతమున అశోకుడు రాజయ్యెను. అతడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. రాజ్యము కొరకు అతడు సోదరులను తొంబదితొమ్మిదిమందిని చంపించెనని సింహళ గ్రంథములు చెప్పుచున్నవి. ఇది నమ్మదగిన మాట కాదు. అతని శాసనముననే సోదరుల గృహముల ప్రసక్తి కలదు. అశోకుని గూర్చి తెలిసికొనుటకు కథలకంటె అతడు రాళ్లపై చెక్కించిన మాటలే మేలు.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు అతడు కళింగముపై దండెత్తి జయించెను. ఆ యుద్ధమున 1,00,000 మంది హతులైరి. 1,50,000 మంది చెరపట్టబడి తరలింపబడిరి. అంతకు పెక్కు రెట్లు జనులు నశించిరి. ఈ సంఖ్యలు శత్రువులు వ్రాసినవి కావు. అశోకుడే తన పదుమూడవ శాసనమున చెక్కించెను. జయించిన రాజులు శత్రువుల మృతులను లెక్కించుట తమ పరాక్రమమును చాటుకొనుటకే. అశోకుడు మాత్రము ఆ లెక్కను తన పశ్చాత్తాపమునకు కారణముగా చూపెను. తల్లిదండ్రులను, గురువులను సేవించుచు బ్రతుకు సజ్జనులకు సైతము ఆప్తుల మరణముచే దుఃఖము కలిగెనని అతడు మిక్కిలి వగచెను.

అయినను అతడు ఒక్క దినమున మారినవాడు కాడు. బౌద్ధోపాసకుడైన పిదప కూడ ఒక సంవత్సరము తాను గట్టి ప్రయత్నము చేయలేదని దాచక చెప్పుకొనెను. తన వంటశాలలో పూర్వము నిత్యము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చంపబడుచున్నవనియు, ఇక మీదట అవియు నుండవనియు ప్రకటించెను. పూర్తిగా మానితినని గొప్పగా చెప్పుకొనుట సులభము. అతడు మిగిలిన మూటిని కూడ లెక్కలో చూపెను. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల కార్యములను వెంటనే తనకు నివేదింపవలెనని ఉద్యోగుల నాజ్ఞాపించెను.

కళింగమునందలి ధౌళి, జౌగడ శిలలపై పదుమూడవ శాసనము లేదు. దానికి మారుగా అచటి అధికారులకు హితవు కలదు. ప్రజలందరు తన బిడ్డలనియు, అసూయ, కోపము, తొందరపాటు, సోమరితనము గల అధికారి న్యాయము చేయజాలడనియు అందు బోధించెను. కాని కళింగమునకు స్వాతంత్ర్యము తిరిగి యీయలేదు. అడవిజాతులకు తన దండన శక్తిని జ్ఞప్తికి తెచ్చుటయు మానలేదు. పశ్చాత్తాపము కలిగినను అతడు రాజుగనే యుండెను.

పట్టాభిషేకమైన ఇరువదియారేండ్లకు అశోకుడు స్తంభములపై మరల శాసనములు చెక్కించెను. అందొకటి మిక్కిలి సూక్ష్మమైనది. మానవుడు తాను చేసిన మంచినే చూచుకొనును గాని చెడుగును చూచుకొనడనియు, అట్లు చూచుకొనుట కష్టమే యైనను, క్రౌర్యము, కోపము, గర్వము, అసూయ తన్ను పతనము చేయునని గ్రహింపవలెననియు దాని భావము. అప్పటికి కళింగ యుద్ధము జరిగి పదునెనిమిదేండ్లు గడచెను.

క్రీ.పూ. 232 ప్రాంతమున అశోకుడు మరణించెను. కాలక్రమమున ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అను ఆంగ్లేయుడు దానిని చదివెను. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని పదునాలుగు శాసనములు కలవు. యుద్ధమున మరణించినవారి సంఖ్యను దెలుపు శాసనము కూడ వానిలో నున్నది.